వేడి పైపుకి చెమట

"పైపుకి చెమట పట్టిందంటక్కా. తుడిచి, గోకి, రంగు వెయ్యాలంట. చివరికి పైపులకి ఫేషియల్ చేసే ఉద్యోగం దొరికింది నాకు," అన్నాడు లోహిత్.

ప్రవీణ నవ్వింది. గురువారం, పదకొండూ యాభై. హైదరాబాద్‌లో రాయదుర్గం మెట్రో స్టేషన్ ఎదురుగా ఉన్న టవర్‌లో పదకొండో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి తమ్ముడితో వాట్సాప్‌లో మాట్లాడుతోంది. తమ్ముడు శ్రీలంక దాటి నడిసముద్రంలో ఉన్నాడు. 'ఆస్ట్రిడ్ బే' అనే సరుకు ఓడలో థర్డ్ ఇంజనీర్. గోవాలో కడుపు నిండా ఇనుప ఖనిజం నింపుకుని ఆ ఓడ చైనా వెళ్తోంది.

"ఏ పైపురా?"

"మీ ముద్దుల స్క్రబ్బర్ పైపే. నీళ్ళు బయటికి పోయేది. అడుగున, ఓడ గోడని ఆనుకుని ఉంటుంది. దాని కింద దూరి పడుకోవాలి. ఫిట్టర్‌కి జ్వరం. సింగపూర్‌లో ఇన్‌స్పెక్షన్ ఉంది, తుప్పు కనిపించకూడదన్నాడు చీఫ్. తిని దిగిపోవడమే."

"అన్నం సరిగ్గా తింటున్నావా?"

"నువ్వు అమ్మలా మొదలెట్టకు. నీళ్ళు చూడాలంటే దుర్గం చెరువుకి వెళ్ళే నువ్వు, మా సముద్రం శుభ్రంగా ఉందో లేదో సర్టిఫికెట్ ఇస్తున్నావు. అది చెప్పు ముందు."

"పొగ శుభ్రంగా పోతోందిగా? ఏడవకు."

"పొగ బాగానే పోతోంది. కింద నీళ్ళ సంగతే... మా చీఫ్ ఏమంటాడో తెలుసా? గంధకం ఎక్కడికీ పోదురా, అడ్రస్ మారుస్తుంది అంతే అంటాడు. సర్లే, గంట కొట్టారు. భోజనాల గదిలో, ఇంజన్ రూమ్‌లో సిగ్నల్ ఉండదు. సాయంత్రం చేస్తా. అబ్బ, ఆ పైపు పక్కన పడుకుంటే వీపు కాలిపోద్ది. బై."

ఫోన్ ఆగిపోయింది.

ప్రవీణ సీటు దగ్గరికి వచ్చి కూర్చుంది. వాళ్ళ కంపెనీ పని ఇదే. అరవై నాలుగు ఓడల్లో చిన్న పెట్టె బిగించారు. ఓడ పొగగొట్టంలో సముద్రపు నీళ్ళు జల్లుతారు. చవక నూనె కాలిస్తే వచ్చే గంధకపు పొగని ఆ నీళ్ళు కడిగేస్తాయి. ఆ ఏర్పాటునే స్క్రబ్బర్ అంటారు. కడిగిన నీళ్ళు మళ్ళీ సముద్రంలోకే పోతాయి. పోయే ముందు వాటిలో ఆమ్లం ఎంతుందో ప్రోబ్ కొలుస్తుంది. ఏడు అంటే మంచినీళ్ళ లెక్క. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు. ఆరున్నరకి తగ్గకూడదు. కొలిచిన అంకెలు ఉపగ్రహం మీదుగా రాయదుర్గం వస్తాయి. ప్రవీణ టీమ్ వాటిని చూసి ప్రతి పొద్దునా ఒక కాగితం పంపుతుంది. పచ్చ గుర్తు అంటే అంతా బాగుందని.

ఈ పొద్దున ఆస్ట్రిడ్ బేకి పచ్చ గుర్తు వెళ్ళింది. ఆరు పాయింట్ ఎనిమిది.

పచ్చగా ఉన్నదాన్ని ఎవరూ తెరిచి చూడరు. తమ్ముణ్ణి ఏడిపించడానికి స్క్రీన్‌షాట్ తీసి పంపుదామని ప్రవీణ ఆ ఓడ గ్రాఫ్ తెరిచింది.

పక్క సీట్లోంచి రజిత తొంగి చూసింది. సిద్దిపేట పిల్ల. ఆకలేస్తే ఆగలేదు, లంచ్‌బాక్స్ అప్పుడే చేతిలో ఉంది.

"ఏందే గిది? గీత స్కేలు పెట్టి గీసినట్లున్నది!"

నిజమే. ఆరు పాయింట్ ఎనిమిది. నిన్న అంతే. పోయిన నెల అంతే. ప్రవీణ వెనక్కి జరుపుకుంటూ పోయింది. పదకొండు నెలలు ఒకటే గీత.

"సముద్రం గిట్ల ఉంటదా?" అంది రజిత. "నేను సముద్రం ఒక్కసారే చూసిన, వైజాగ్‌ల. నిమిషం సుత నిమ్మళంగ లేదు అది."

ప్రవీణ శుభ్రం చేయని అసలు డేటా తెరిచింది. ప్రోబ్ పంపింది పంపినట్టే ఉండే ఫైలు అది. ఎవరూ చూడరు, ఊరికే నిల్వ ఉంటుంది.

మూడు పాయింట్ ఒకటి. రెండు పాయింట్ తొమ్మిది. మూడు. మూడు. మూడు పాయింట్ రెండు.

పదకొండు నెలలుగా, వేల వరసలు.

"గదేంది మరి?" రజిత బాక్స్ కింద పెట్టేసింది. "మూడంటే నిమ్మకాయ రసం కాదానే? మనం ఆరు పాయింట్ ఎనిమిది ఎట్ల పంపినం?"

ఎట్లా పంపారో ప్రవీణకి తెలుసు. కోడ్ తెరిచింది. 'క్లీనింగ్' అనే ఫైలు. అందులో నలభై రెండో వరస. నాలుగు కన్నా తక్కువ వస్తే చెత్త, తీసేసి అంతకుముందు వచ్చిన మంచి అంకె పెట్టు. దాని పైన రాసిన వాళ్ళ పేరు. ప్రవీణ.

మూడేళ్ళ కిందట వాళ్ళకి ఓడల పని లేదు. జీడిమెట్లలో ఒక రంగుల ఫ్యాక్టరీకి నీళ్ళ శుద్ధి డేటా చూసేవాళ్ళు. అక్కడ ప్రోబ్‌కి బురద పట్టగానే అంకె మూడుకి పడిపోయేది. ఆపరేటర్ గుడ్డతో తుడిస్తే మళ్ళీ ఏడుకొచ్చేది. రోజుకి నాలుగుసార్లు అదే గోల. విసుగొచ్చి ప్రవీణ ఆ వరస రాసింది. నాలుగు కన్నా తక్కువొస్తే తప్పు నీళ్ళది కాదు, ప్రోబ్‌ది. జీడిమెట్లలో అది నిజం. ఓడల కాంట్రాక్టు వచ్చినప్పుడు గడువు తక్కువ. ఆ ఫైలు మొత్తం కాపీ చేసి ఇక్కడ పెట్టేశారు. ఆ ఆఫీసులో ఎవరూ ఓడ ఎక్కి చూసినవాళ్ళు కాదు. స్క్రబ్బర్ లోంచి దిగే నీళ్ళు మొదట్లో మూడే ఉంటాయని, మరిన్ని సముద్రపు నీళ్ళు కలిపాకే ఆరున్నర దాటుతుందని ఎవరికీ తట్టలేదు. కలిపే పంపు ఆగిపోతే అదే మూడు నేరుగా బయటికి పోతుందని అసలే తట్టలేదు.

ఆస్ట్రిడ్ బేలో ఆ పంపు పదకొండు నెలల కిందటే ఆగిపోయింది. చెప్పాల్సిన అంకెని ప్రవీణ రాసిన వరస రోజూ చెరిపేస్తూ వచ్చింది.

"ఫైన్ పడ్తదేమో కంపెనీకి," అంది రజిత. "గంతేగా?"

"అంతే కాదు," అంది ప్రవీణ. "ఆ నీళ్ళు ఇనప పైపులోంచి పోతున్నాయి, రజితా."

అప్పుడు లోహిత్ మాట గుర్తొచ్చింది. పైపుకి చెమట. పక్కన పడుకుంటే వీపు కాలిపోద్ది.

చల్లనీళ్ళ చెంబుకి బయట చెమ్మ పడుతుంది. టీ గ్లాసుకి పట్టదు. పొగని కడిగిన నీళ్ళు వేడిగా ఉంటాయి. ఆ పైపు వేడిగా ఉంటుంది.

వేడి పైపుకి చెమట పట్టదు.

అది చెమట కాదు. లోపలి నీరు బయటికి ఊరుతోంది. అర అంగుళం ఇనుముని ఆమ్లం లోపల్నుంచి తినేసింది. రంగు పొర, తుప్పు పొర మాత్రమే మిగిలి సముద్రాన్ని ఆపుతున్నాయి. దాని కింద పడుకుని, సుత్తితో ఆ తుప్పు కొట్టడానికి ఆమె తమ్ముడు వెళ్తున్నాడు.

గోడ మీద గడియారం పన్నెండూ నాలుగు. ఓడ గడియారం అరగంట ముందుంటుంది. అక్కడ ఒంటి గంటకి లంచ్ అయిపోతుంది. ఇరవై ఆరు నిమిషాలు.

లోహిత్‌కి ఫోన్ చేసింది. మోగలేదు. మెసేజ్ పెట్టింది: 'పైపు ముట్టుకోకు. అది లీకు. చీఫ్‌కి చెప్పు.' ఒక్క టిక్కు పడింది. రెండోది పడలేదు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఒక్కటే.

సిబ్బంది కుటుంబాల కోసం ఓడ కంపెనీ ముంబై ఆఫీసు ఇచ్చిన నంబరుకి చేసింది. ఒకమ్మాయి మర్యాదగా విని, ఈమెయిల్ చేస్తే సాయంత్రం లోపు ఓడకి పంపిస్తామంది.

"సాయంత్రం దాకా కాదండీ, ఇప్పుడే!"

"మేడమ్, మీరు కుటుంబ సభ్యులా, టెక్నికల్ డిపార్ట్‌మెంటా?"

ప్రవీణ ఫోన్ పెట్టేసి అద్దాల గది వైపు పరుగెత్తింది. లోపల వైస్ ప్రెసిడెంట్ పార్థసారథి ఇద్దరు కొత్త క్లయింట్లకి స్లైడ్లు చూపిస్తున్నాడు. తెర మీద నీలి సముద్రం, తెల్ల ఓడ. ఆమె సైగ చూసి నవ్వుతూనే బయటికి వచ్చాడు. తలుపు మూయగానే నవ్వు పోయింది.

"ఏంటమ్మా? వాళ్ళు ఇంకో ఇరవై షిప్పులు ఇచ్చేలా ఉన్నారు."

ప్రవీణ చెప్పింది. నిమిషంలో, ఊపిరి తీసుకోకుండా. ఆయన వింటున్నంతసేపూ అద్దంలోంచి క్లయింట్లనే చూస్తున్నాడు.

"కూర్చోండమ్మా. ముందు నీళ్ళు తాగండి. పైపు కారుతోందని మీరు అనుకుంటున్నారు. మీరు చూళ్ళేదు కదండీ?"

"సర్, వేడి పైపు..."

"అర్థమైంది. ఒక మెయిల్ పెట్టండి, లీగల్‌ని కాపీలో పెట్టండి. మూడింటికి కూర్చుందాం. ఇప్పుడు మనం ఫోన్ చేసి మా రిపోర్టులు తప్పంటే ఏమవుతుందో తెలుసా అండీ? అరవై నాలుగు షిప్పులు. ఈ ఫ్లోర్‌లో నూట పది మంది."

"దాని కింద దూరబోయేది మా తమ్ముడు సర్."

ఆయన మొహంలో ఏదో కదిలింది. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "అయ్యో. మరి... మరి క్రూ ఆఫీసుకి చేశారా? వాళ్ళు చూసుకుంటారమ్మా. వాళ్ళ ప్రొసీజర్ వాళ్ళకి ఉంటుంది." తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

పన్నెండూ పదమూడు.

వెనక్కి వచ్చేసరికి రజిత ఏదో పాత ఫోల్డర్‌లో తల దూర్చి ఉంది. "జర ఆగు. మన పెట్టె బిగించిన్నాడు టెక్నీషియన్ ఒక ఫారం నింపిండు గదా. ఓడల యాడ పెట్టిండు, ఎవలు సంతకం పెట్టిండ్రు... గిదో! బ్రిడ్జి ఫోన్ నంబరు. కెప్టెన్ ఉండే తాన."

ఎనిమిది వందల డెబ్భైతో మొదలయ్యే శాటిలైట్ నంబరు. ప్రవీణ మొబైల్ నుంచి కొట్టింది. ఈ నంబరుకి మీ ఫోన్‌లో అనుమతి లేదంది. రజిత ఫోన్ అదే మాట అంది. సీటు ఫోన్లకి ఊరు దాటితే లైను కలవదు.

"అంతర్జాతీయ లైను ఎక్కడుంది?"

రజిత వేలు చూపించింది. అద్దాల గది. పార్థసారథి టేబుల్ మీద నల్ల ఫోన్.

ఫ్లోర్ సగం ఖాళీ అయింది. జనం కబుర్లు చెప్పుకుంటూ క్యాంటీన్‌కి పోతున్నారు. ఎవరో పుట్టినరోజు కేకు తీసుకెళ్తూ ప్రవీణని పక్కకి జరగమన్నారు. ఆమెకి ఒకటే దృశ్యం కనిపిస్తోంది. ఇరుకు సందులో వెల్లకిలా పడుకున్న లోహిత్. మొహానికి జానెడు పైన పైపు.

పన్నెండూ ఇరవై ఒకటికి అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. "ఎక్స్‌క్యూజ్ మీ" అని కూడా అనలేదు. ఫోన్ ఎత్తి నంబరు నొక్కింది.

"ప్రవీణ గారూ!" పార్థసారథి లేచాడు. "ఏంటండీ ఇది!"

గుమ్మంలో రజిత అడ్డం నిలబడింది. "రెండు నిమిషాలు సార్. మీ కాళ్ళు మొక్కుత. ఆమె తమ్ముని పానం సార్."

క్లయింట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోన్‌లో గాలి ఊదినట్టు చప్పుడు. ఆగి ఆగి మోత. తర్వాత ఒక మగ గొంతు ఓడ పేరు చెప్పింది. కెప్టెన్ కావాలంది ప్రవీణ. హైదరాబాద్ నుంచి, స్క్రబ్బర్ కంపెనీ అంది. నిమిషం. నలభై సెకన్లు. పన్నెండూ ఇరవై నాలుగు.

"కెప్టెన్," అంది ఇంకో గొంతు, హిందీలో.

"సర్, మీ స్క్రబ్బర్ నీళ్ళు పోయే పైపుని ఆమ్లం తినేసింది. దాని మీద ఎవర్నీ పని చేయనివ్వకండి. ఇప్పుడే ఆపండి."

"మీ పేరేంటి మేడమ్?"

చెప్పింది.

"మీ కాగితం నా ముందే ఉంది. ఈ రోజు తారీఖు. ఆరు పాయింట్ ఎనిమిది, పచ్చ గుర్తు, కింద మీ పేరు. నీళ్ళు మంచివే అని మీరే అన్నారు. మంచినీళ్ళు పైపుని ఎలా తింటాయి?"

ప్రవీణ కళ్ళు మూసుకుంది. గదిలో ముగ్గురు మగాళ్ళు ఆమె నోటివైపే చూస్తున్నారు.

"ఆ కాగితం తప్పు సర్. దాన్ని తప్పు చేసింది నేనే. మీ నీళ్ళు మూడు. పదకొండు నెలలుగా మూడే. మా ప్రోగ్రాము ఆ అంకెని చెత్త అనుకుని తీసేసింది. ఆ ప్రోగ్రాము నేను రాశాను."

పార్థసారథి కుర్చీలో కూలబడిన చప్పుడైంది.

"పొద్దున ఆరు పాయింట్ ఎనిమిది, మధ్యాహ్నం మూడు," అన్నాడు కెప్టెన్. "సాయంత్రానికి ఎంత చెప్తారు?"

"నన్ను నమ్మకండి సర్! పైపు మీద చెయ్యి పెట్టి చూడమనండి. వేడిగా ఉందా, చల్లగా ఉందా? వేడి పైపుకి చెమట పట్టదు సర్. మీ వాళ్ళు దాన్ని చెమట అనుకుంటున్నారు."

గాలి ఊదే చప్పుడు.

"చెమట సంగతి మీకెలా తెలుసు?"

"మీ థర్డ్ ఇంజనీర్ మా తమ్ముడు."

ఈసారి కెప్టెన్ ఆమెతో మాట్లాడలేదు. పక్కకి తిరిగి ఏదో అరిచాడు. ఇంకో ఫోన్ ఎత్తిన చప్పుడు. ఇంజన్ రూమ్‌కి. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. కింద ఇంజన్ హోరుకి అందరూ చెవులకి మఫ్‌లు పెట్టుకుంటారని లోహిత్ ఎప్పుడో చెప్పాడు. "ఎవడినైనా కిందికి పంపు, పరుగెత్తమను!" అంటున్నాడు కెప్టెన్. "బ్యాలస్ట్ ట్యాంకులు చూసే ఆఫీసర్‌ని పిలువు. పైపు ఎడమ పక్కన ఉంది, కుడి పక్క ట్యాంకులు నీళ్ళతో నింపడం మొదలెట్టండి. అవును, ఇప్పుడే! తప్పయితే తర్వాత ఖాళీ చేద్దాం."

పన్నెండూ ముప్ఫై. పన్నెండూ ముప్ఫై రెండు. ప్రవీణ చెవికి ఫోన్ అంటుకుపోయింది. ఏడు అంతస్తుల మెట్లు దిగాలి, పరుగెత్తే వాడెవడో. ఆమె మనసులో వాడితోపాటు దిగుతోంది.

పన్నెండూ ముప్ఫై నాలుగుకి ఫోన్‌లో ప్రమాద గంట మోగడం మొదలైంది. ఏడు చిన్నవి, ఒకటి పెద్దది. ఆగకుండా. కెప్టెన్ గొంతు దూరంగా వినిపించింది. తర్వాత లైను తెగిపోయింది.

మళ్ళీ నొక్కింది. కలవలేదు.

ప్రవీణ తిరిగొచ్చి సీట్లో కూర్చుంది. తెర మీద ఆస్ట్రిడ్ బే డేటా నిమిషానికోసారి వస్తోంది. వాళ్ళకి మిగిలింది అదొక్కటే. పన్నెండూ ముప్ఫై ఆరుకి స్క్రబ్బర్ పంపు ఆగింది.

"ఆపిండ్రు!" రజిత ఆమె భుజం పట్టుకుంది. "విన్నరు నీ మాట. సూడు, పంపు బందైంది. ఫికర్ చెయ్యకు."

"పంపు ఆపితే చాలదు," అంది ప్రవీణ. "బయట సముద్రం ఉంది. పైపు వాల్వుకీ ఓడ గోడకీ మధ్య తెగితే మూయడానికి ఏమీ ఉండదు."

పన్నెండూ నలభై ఎనిమిది. అంకె వచ్చింది. నలభై తొమ్మిది. వచ్చింది. యాభై.

యాభై ఒకటికి రాలేదు.

యాభై రెండుకి రాలేదు. తెర మీద బూడిద రంగు పెట్టె వచ్చింది. సంబంధం లేదు.

రజిత ఫారం మళ్ళీ తీసింది. వాళ్ళ పెట్టె ఓడలో ఎక్కడ బిగించారో అందులో ఉంటుంది. చదివి, ఫారం కనపడకుండా మూసేయబోయింది. ప్రవీణ ఆమె చెయ్యి పట్టి ఆపి చూసింది. ఇంజన్ రూమ్ అట్టడుగు అంతస్తు. నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తున.

నాలుగు అడుగుల నీళ్ళు.

ఆ తర్వాత గంటలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఊడవడానికి వచ్చిన ఈరమ్మ చీపురు ఆపి, "ఏమైంది బిడ్డా, మొకం గట్ల తెల్లగైంది? దవాఖానకి పోతవా?" అని అడిగింది. ప్రవీణ తల అడ్డంగా ఊపింది. కాకినాడ నుంచి అమ్మ ఫోన్ వచ్చింది. స్క్రీన్ మీద 'అమ్మ' అని వెలుగుతుంటే ప్రవీణ అది ఆగేదాకా దాన్ని చూస్తూ కూర్చుంది. ఎత్తితే గొంతు చెప్పేస్తుంది. ఇనుప ఖనిజం నిండిన ఓడ మునిగితే పడవలు దింపుకునే టైము కూడా ఉండదని పోయినేడు ఇంటికొచ్చినప్పుడు లోహిత్ చేపల పులుసు కలుపుకుంటూ అన్నాడు. నాన్న గదమాయించాడు, తినేటప్పుడు ఆ మాటలేంటని.

ఏమీ చేయకుండా ఉంటే పిచ్చెక్కేలా ఉంది. నలభై రెండో వరస తీసేసింది. మిగతా అరవై మూడు ఓడల పాత డేటా మొత్తాన్ని అది లేకుండా మళ్ళీ నడిపింది. రజిత కుర్చీ దగ్గరికి లాక్కుంది. పచ్చ గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి నిలబడుతూ వచ్చాయి. పదిహేడోది ఎర్రబడింది. ఇరవై రెండు. ఇరవై మూడు. రజిత వేళ్ళు మడుస్తోంది. రెండింటికి లెక్క తేలింది. తొమ్మిది ఓడల్లో మూడు, మూడున్నర. ఒకదానిలో పద్నాలుగు నెలలుగా.

పొగ లెక్క మాత్రం అన్నిటికీ బ్రహ్మాండంగా ఉంది. గాలిలోకి గంధకం పోలేదు. పోవాల్సిన గంధకమంతా పైపుల్లోకి, అక్కణ్ణుంచి నీళ్ళలోకి పోయింది. గొట్టం పైభాగం మాత్రమే చూసి శుభ్రం అనేశారు.

మూడింటికి పార్థసారథి వచ్చాడు. టై వదులు చేసి ఉంది. క్లయింట్లు ఎప్పుడో వెళ్ళిపోయారు.

"లీగల్ వాళ్ళు రేపు పొద్దున పదింటికి కాల్ పెట్టారమ్మా. అప్పటిదాకా ఎవరూ ఎవరితోనూ..." ఆయన చూపు తెర మీద తొమ్మిది ఎర్ర గుర్తుల దగ్గర ఆగింది. "తమ్ముడి గురించి ఏమైనా తెలిసిందా అండీ?"

"లేదు సర్."

"మా అబ్బాయి వయసే ఉంటుంది," అన్నాడు. గదిలోకి వెళ్ళి బ్యాగు తీసుకుని బయటికి వచ్చాడు. "నేను టీకి వెళ్తున్నాను. లేటవుతుంది." రోజూ తాళం వేసే మనిషి గది తలుపు బార్లా తెరిచి పెట్టి లిఫ్టు వైపు నడిచాడు.

మూడూ యాభై మూడుకి ప్రవీణ మొబైల్ మోగింది. ఎనిమిది వందల డెబ్భైతో మొదలయ్యే నంబరు.

ప్రవీణ ఆన్సర్ బటన్ నొక్కింది.

"అక్కా."

ప్రవీణ ఫోన్‌ని రెండు చేతులతో చెవికి అదుముకుంది.

"అక్కా, నేనే. విన్పిస్తుందా? బతికే ఉన్నా. ఏడవకు. నువ్వు ఏడిస్తే నేనూ ఏడుస్తా, ఇక్కడ కెప్టెన్ పక్కనే ఉన్నాడు, పరువు పోద్ది."

"దెబ్బలేమైనా..."

"కాలు కొట్టుకుంది. అంతే. మూడు దెబ్బలు కొట్టానక్కా. మూడో దెబ్బకి సుత్తి ముక్కు లోపలికి దిగిపోయింది. మట్టి ముద్దలోకి దిగినట్టు. నాకు అర్థం కాలేదు, లాగబోయాను. అప్పుడే ఎవడో నా కాళ్ళు పట్టి బరబరా ఈడ్చాడు. పైనుంచి పరుగెత్తుకొచ్చిన డెక్ కుర్రాడు. వాణ్ణి బూతులు తిడుతూ లేచేసరికి నేను పడుకున్న చోట... పైపు ఊడిపోయిందక్కా. కంచమంత కన్నం. నీళ్ళు కాదు అది, గోడ వచ్చి మీద పడినట్టు."

"మరి ఓడ?"

"తేలుతోంది. కెప్టెన్ ముందే కుడివైపు ట్యాంకులు నింపడం మొదలెట్టాడు. ఓడ అటు ఒరిగి కన్నం పైకి లేచింది. పరుపులు కుక్కి, చెక్కలు బిగించి, చుట్టూ సిమెంటు పోశాం. నడుముల్లోతు నీళ్ళలో. కొలంబో తిరిగి వెళ్తున్నాం. ఆ కొద్ది నిమిషాలు ముందు మొదలెట్టకపోతే ఈ కన్నం ఎవడూ మూసేవాడు కాదంట, కెప్టెన్ అంటున్నాడు. మీ అక్క హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది, దేవతలా, అన్నాడు. మిగతాది మీ అక్కనే అడుగు అన్నాడు."

"లోహీ. నేను నీకు ఒకటి చెప్పాలి."

"చెప్పు."

"ఆ నీళ్ళు మూడని మాకు పదకొండు నెలలుగా వస్తూనే ఉంది. నేను రాసిన ఒక వరస దాన్ని తీసేసింది. పచ్చ గుర్తు పెట్టి పంపింది నేనే. దేవత కాదు. నిన్ను ఆ పైపు కింద పడుకోబెట్టింది నేనే."

ఫోన్‌లో గాలి ఊదే చప్పుడు. దూరంగా ఎవరో ఏదో లాగుతున్నారు. మధ్యాహ్నం నుంచి పట్టిన భయం కన్నా ఆ చప్పుడుకి ప్రవీణ ఎక్కువ భయపడింది.

"ఆ వరస మా ఓడకేనా?" అన్నాడు లోహిత్ చివరికి. "లేక అన్నిటికీనా?"

"అన్నిటికీ. అరవై నాలుగు."

"వాటిలో ఎన్ని ఇలా ఉన్నాయి?"

"తొమ్మిది."

"వాళ్ళకి చెప్పారా?"

"రేపు పదింటికి మీటింగ్ అంటున్నారు."

"రేపా!" అరిచాడు. "ఇవాళ ఏ ఓడలో ఎవడు సుత్తి పట్టుకుని దిగుతున్నాడో నీకు తెలుసా? అందరికీ అక్కలు ఉండరు. నాతో మాట్లాడుతూ కూర్చున్నావేంటి? పెట్టెయ్ ఫోను!"

అతనే పెట్టేశాడు.

రజిత అప్పటికే ఫారాలు తీసి వరసగా పేర్చింది. తొమ్మిది నంబర్లు. పద్నాలుగు నెలల ఓడ అన్నిటికన్నా పైన ఉంది. ప్రవీణ ఆ కాగితాలు తీసుకుని తెరిచి ఉన్న గదిలోకి వెళ్ళింది. నల్ల ఫోన్ ఎత్తి మొదటి నంబరు నొక్కింది. ఒక అంకె తప్పు పడింది. పెట్టేసి మళ్ళీ నొక్కింది.

మోగుతోంది.